2027 జనవరి 26 మంగళవారం: బెంగళూరు తెలుగువారు సెలవు ఎలా పెట్టుకుంటే మేలు

కొత్త క్యాలెండరు చేతికి రాగానే బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లం మొదట వెతికేవి రెండు తేదీలు: సంక్రాంతి ఏ రోజు పడింది, జనవరి 26 ఏ రోజు పడింది. 2026లో గణతంత్ర దినోత్సవం సోమవారం వచ్చింది కాబట్టి ఎవరూ పెద్దగా ఆలోచించే పని లేకుండానే మూడు రోజులు కలిసివచ్చాయి. 2027లో అది మంగళవారం పడుతోంది. ఆదివారానికీ ఆ సెలవుకూ నడుమ సోమవారం అడ్డుగా నిలిచింది గనుక ఆ ఒక్క రోజు సెలవు పెడితే నాలుగు రోజులు దొరుకుతాయన్న లెక్క అందరికీ తెలిసిందే. అయితే పదహారేళ్లుగా ఈ నగరంలో ఉంటూ ఈ సెలవును ఇంచుమించు అన్ని విధాలుగానూ వాడుకుని చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. ఎన్ని రోజులు కలిసివస్తాయో లెక్కవేసే ముందు, ఇరవయ్యారో తేదీ ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ మీరూ మీ పిల్లలూ ఎక్కడ ఉండాలనుకుంటున్నారో తేల్చుకోవాలి. అది తేలితే సెలవు ఎటు పెట్టాలో, టికెట్టు ఎప్పుడు కొనాలో దానంతటదే తేలిపోతుంది.

ఆ ఉదయానికి అంత పట్టింపు ఎందుకంటే, ఈ తేదీని ఏరి కోరి పెట్టుకున్నారు. రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించినది 1949 నవంబరు 26న. పౌరసత్వం, ఎన్నికల వంటి కొన్ని అధికరణాలు ఆ రోజే అమలులోకి వచ్చినా, మిగిలిన రాజ్యాంగమంతా అమలు కావడానికి 1950 జనవరి 26 దాకా ఆగారు. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు మహాసభ పూర్ణ స్వరాజ్యం కోరుతూ తీర్మానించిన తరువాత, 1930 జనవరి 26ను దేశమంతా స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నది. ఆ తేదీ మరుగున పడిపోకూడదనే ఆ రెండు నెలల నిరీక్షణ. రాజ్యాంగ సభలో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఉన్నారు. రచనా సంఘంలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. మచిలీపట్నంలో పుట్టి 1941 నుంచి 1946 వరకు మైసూరు సంస్థానానికి దివానుగా పనిచేసిన న్యాపతి మాధవరావు కూడా అదే సంఘంలో సభ్యులు. తెలుగు నేల మీద పుట్టి కన్నడ నేల మీద కొలువు చేసినవారి చేయి కూడా ఆ పత్రం మీద ఉన్నదని తలచుకున్నప్పుడల్లా, బెంగళూరులో ఉండే మనకు ఈ రోజు మరికాస్త దగ్గరిదిగా తోస్తుంది. 2015 నుంచి నవంబరు 26ను రాజ్యాంగ దినోత్సవంగా పాటిస్తున్నారు గాని దానికి సెలవు లేదు. సెలవుల ప్రణాళికలో మాత్రం ఆ రోజుకూ ఒక పని ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

సెలవుల లెక్క

2027 జనవరి 23 నెలలో నాలుగో శనివారం. అందువల్ల ఐటీ ఉద్యోగులకే గాక బ్యాంకు ఉద్యోగులకు కూడా శని, ఆది, మంగళవారాలు సెలవే అవుతాయి. సోమవారం ఒక్క క్యాజువల్ లీవు పెడితే 23 నుంచి 26 దాకా నాలుగు రోజులు వస్తాయి. శనివారాలన్నీ సెలవుగా ఉండే ఐటీ వారు సోమవారం పనిచేసి బుధ, గురు, శుక్రవారాలకు సెలవు పెడితే 26 నుంచి 31 దాకా ఆరు రోజులు. వారే సోమవారంతో కలిపి నాలుగు సెలవులు ఖర్చుపెట్టగలిగితే 23 నుంచి 31 దాకా ఏకంగా తొమ్మిది రోజులు.

వీటిలో అందరూ ఎగబడేది మొదటి దానికే. ఒక్క సెలవుకు నాలుగు రోజులంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది. కానీ అందులో ఉన్న చిక్కును ముందే గమనించాలి. ఆ నాలుగు రోజుల్లో చివరిది ఇరవయ్యారు. అంటే దూరం వెళ్లినవాళ్లకు జాతీయ సెలవు దినమే తిరుగు ప్రయాణపు రోజు అవుతుంది. ఆ రోజు జెండా ఎగిరే వేళకు మనం బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉంటాం. మూడు సెలవుల పద్ధతిని ఎవరూ పెద్దగా తలపెట్టరు. నిజానికి దూర ప్రయాణం చేసేవారికి అదే హాయైనది. ఉదయం జెండా వందనం చూసుకుని మధ్యాహ్నం బయలుదేరవచ్చు, పైగా నగరం మొత్తం లోపలికి తిరిగివస్తున్న రోజున మనం బయటికి వెళ్తాం.

సెలవు దరఖాస్తు పెట్టే ముందు మీ సంస్థలో శాండ్‌విచ్ నిబంధన ఉందో లేదో హెచ్ఆర్ వారిని అడగండి. సెలవు దినానికి అటూ ఇటూ లీవు పెడితే నడుమనున్న సెలవు దినాన్ని కూడా లీవు కింద కట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. సోమవారం మాత్రమే పెట్టినా దాని ముందు ఆదివారం, వెనుక మంగళవారం సెలవులే కాబట్టి ఇబ్బంది రాదు. సోమ, బుధవారాలు రెండూ పెడితే నడుమ చిక్కుకున్న మంగళవారం సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. జాతీయ సెలవులను ఈ నిబంధన నుంచి మినహాయించిన సంస్థలు ఉన్నాయి, మినహాయించనివీ ఉన్నాయి. నోటిమాటగా కాకుండా నియమావళిలో ఏమి రాసి ఉందో చూసుకోవడం మంచిది. అలాగే సెలవుల ఖాతా జనవరిలో మొదలయ్యే సంస్థల్లో కొన్ని ఏడాది సెలవులన్నీ ఒకేసారి జమ చేస్తాయి, కొన్ని నెలకింతని జమ చేస్తాయి. రెండో రకం వారికి జనవరి చివరికి చేతిలో ఉండేది ఒకటో రెండో మాత్రమే. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క నడిచేచోట దీనికి భిన్నంగా, మార్చి తరువాత మురిగిపోయే సెలవులను ఇప్పుడే వాడుకోవడం తెలివైన పని.

సంక్రాంతికా, ఇరవయ్యారుకా?

మన ప్రశ్నల్లో కెల్లా కష్టమైనది ఇదే. కన్నడిగులైన సహోద్యోగులకు ఈ ఇబ్బంది లేదు. వాళ్ల సంక్రాంతి ఒక్క రోజుతో, నువ్వులూ బెల్లమూ కలిపి పంచుకునే ఎళ్లు బెల్లంతో ముగుస్తుంది. మనకు భోగి, పెద్ద పండుగ, కనుమ మూడూ కావాలి. 2027లో భోగి గురువారం, సంక్రాంతి శుక్రవారం, కనుమ శనివారం. శుక్రవారం ఇక్కడి కార్యాలయాల్లో చాలావాటికి సెలవే కాబట్టి భోగి నాడు ఒక్క లీవు పెడితే 14 నుంచి 17 దాకా నాలుగు రోజులు పండుగకు దక్కుతాయి. పది రోజులు తిరగకముందే మరొక లీవుతో మరో నాలుగు రోజులు. రెండు లీవులతో ఎనిమిది రోజులు రావడం అన్ని సంవత్సరాలకూ కుదిరేది కాదు.

సెలవుల కొరత లేనంత మాత్రాన రెండుసార్లూ ఊరికి పోవాలని లేదు. గుంటూరు, విజయవాడ, రాజమండ్రి వైపు వారికి ఒక్కో రాకపోకకు రెండు రాత్రులు ప్రయాణంలోనే గడుస్తాయి. నలుగురున్న కుటుంబానికి పండుగ రోజుల్లో ప్రైవేటు బస్సు చార్జీలు ఎంత పెరుగుతాయో చెప్పనక్కరలేదు. రెండు వారాల్లో రెండుసార్లు అదే దారిన పోయివస్తే, ఫిబ్రవరి మొదటి వారంలో పిల్లలు పరీక్షలకు కూర్చునేనాటికి ఇంటిల్లిపాదీ అలసిపోయి ఉంటారు. అందుచేత అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నవారు సంక్రాంతికి ఊరు వెళ్లి, ఇరవయ్యారు సెలవును మరోలా వాడుకోవాలని నా సలహా. సంక్రాంతి నాడు విధుల్లో ఉండక తప్పనివారు, అంటే ఆసుపత్రులు, కాల్ సెంటర్లు, నెలనెలా రోస్టర్ ప్రకారం నడిచే సపోర్టు బృందాల్లో పనిచేసేవారు మాత్రం ఇరవయ్యారుకే ఊరు వెళ్లడం మేలు. పండుగ తరువాత వెళ్తే ఇంట్లో అరిసెలు కాస్త గట్టిపడి ఉంటాయేమో గాని, చుట్టాల హడావుడి తగ్గి అమ్మతో నింపాదిగా మాట్లాడుకునే తీరిక దొరుకుతుంది.

ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఉన్నవారికి మరో మార్గముంది. పదమూడో తేదీ రాత్రి బయలుదేరి ఊరు చేరి, 14న లీవు, 15న సెలవు, 18 నుంచి 22 దాకా ఊరి నుంచే పని, 25న లీవు, 26న జెండా వందనం మన ఊరి బడిలోనే చూసుకుని ఆ రాత్రి బయలుదేరడం. రెండు ప్రయాణాలు ఒక్కటవుతాయి, పెద్దవాళ్లతో పదమూడు రోజులు గడుస్తాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. అయితే మేనేజరు అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి, ఇంట్లో నెట్ కనెక్షను, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు సరిగ్గా ఉన్నాయో లేదో డిసెంబరులోనే అన్ననో తమ్ముడినో అడిగి చూపించుకోవాలి, పిల్లల బడి కనీసం ఏడు రోజులు పోతుందన్నది గుర్తుంచుకోవాలి. ఒకటో రెండో తరగతి పిల్లలైతే పరవాలేదు, పదో తరగతి విద్యార్థి ఇంట్లో ఉంటే ఈ ఆలోచన మానుకోవాలి.

ఊరికే వెళ్లాలనుకుంటే

రైలు రిజర్వేషను ఇప్పుడు ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులుండేది, ఆ పాత లెక్కనే ఇంకా నమ్ముకున్నవారు ఉన్నారు. జనవరి 22 శుక్రవారం రాత్రి బయలుదేరాలంటే నవంబరు 23న, 25 సోమవారానికి నవంబరు 26న, 26 మంగళవారానికి నవంబరు 27న టికెట్టు తీయాలి. రాజ్యాంగ దినోత్సవానికి ప్రణాళికలో పని ఉందని పైన అన్నది ఇందుకే. నవంబరు 26 ఉదయం ఎనిమిది గంటలకు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటే, సోమవారం తిరుగు ప్రయాణపు బెర్తు దొరికే అవకాశం ఉంటుంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్, శేషాద్రి ఎక్స్‌ప్రెస్, కొండవీడు ఎక్స్‌ప్రెస్ వంటి మన రైళ్లలో ఇలాంటి రోజులకు టికెట్లు చూస్తుండగానే వెయిటింగ్ లిస్టులోకి వెళ్లిపోతాయి. తత్కాల్ మీద ఆశపెట్టుకుని కుటుంబంతో బయలుదేరడం నేను ఎవరికీ చెప్పను.

సోమవారం తిరుగు ప్రయాణమని అన్నాను, మంగళవారం అనలేదు. దీనికి వెనుక నా అనుభవం ఒకటి ఉంది. 2016లో కూడా ఇరవయ్యారు మంగళవారమే. సోమవారం లీవు పెట్టి కారులో గుంటూరు దగ్గర మా ఊరు వెళ్లి, మంగళవారం తెల్లవారుజామున తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం. వినుకొండ దాటిన తరువాత రోడ్డు పక్కన ఒక చిన్న బడి కనిపించింది. ప్రహరీ లేని ఆ బడి ముందు సున్నంతో గీసిన గుండ్రని గీత, దాని మధ్య వెదురు కర్ర, చుట్టూ వరసగా నిలబడిన ముప్పై నలభై మంది పిల్లలు. జేబులకు గుచ్చుకున్న కాగితపు జెండాలు ఎండలో మెరుస్తున్నాయి. అప్పుడు యూకేజీ చదువుతున్న మా అబ్బాయి వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తూ, మనం ఎందుకు ఆగలేదని అడిగాడు. రాత్రికి బెంగళూరు చేరాలి కదా అన్నాను. మా వాడు తన బడిలో ఆ ఉదయం ఒక పద్యం చెప్పవలసి ఉండగా, మేమే ఉత్తరం రాసి సెలవు తీసుకున్నామని ఆ తరువాత ఎన్నో మైళ్ల దాకా నాకు గుర్తొస్తూనే ఉంది. ఆ ఏడాది తరువాత ఇరవయ్యారును మళ్లీ దారిలో పోగొట్టుకోలేదు.

కాబట్టి ఊరు వెళ్లేవారు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. శుక్రవారం రాత్రి వెళ్లి సోమవారం రాత్రి బయలుదేరితే, ఊళ్లో మూడు పగళ్లు గడిపి మంగళవారం తెల్లవారేసరికి బెంగళూరు చేరతారు. స్నానం చేసి పిల్లలను బడికి జెండా వందనానికి తీసుకుపోవచ్చు, ఆపైన రోజంతా విశ్రాంతి. లేదా మంగళవారం ఉదయం ఊళ్లోనే జెండా చూసి రాత్రి బయలుదేరి, బుధవారం కార్యాలయానికి మధ్యాహ్నం నుంచి వస్తానని ముందే చెప్పి ఉంచుకోవాలి. విజయవాడ మీదుగా వెళ్లేవారు స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహాన్ని పిల్లలకు చూపించండి. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం అది. రాజ్యాంగం గురించి ఇంట్లో పది మాటలు చెప్పేకంటే ఆ పాదాల దగ్గర నిలబడి రెండు మాటలు చెబితే బాగా మనసుకెక్కుతాయి.

దగ్గరి విహారం

సెలవు ఒక్కటే ఉంది, ఊరి ప్రయాణం వద్దు, అయినా నగరం దాటి వెళ్లాలి అనుకునేవారు కూర్గు, ఊటీ వైపు చూస్తారు. ఇలాంటి నాలుగు రోజుల్లో అక్కడి గదుల అద్దెలు, ఘాట్ రోడ్ల మీద వాహనాల వరసలు చూశాక, ఉత్తరంగా, ఈశాన్యంగా పోయే దారులే నయమని నేను అనుకుంటాను.

లేపాక్షి బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. హెబ్బాళ దాటి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు చేరి ఎడమకు తిరిగితే చాలు. ఏకశిలా నంది, వేలాడే స్తంభం, వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలు చూసి సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. తెల్లవారక ముందే బయలుదేరితే హెబ్బాళ దగ్గర వాహనాల రద్దీలో ఆగనక్కరలేదు.

ఈ సెలవుకు నాకు మరింత తగినదనిపించేది మదనపల్లె. జాతీయ గీతానికి రవీంద్రనాథ్ ఠాగూర్ స్వయంగా ఇంగ్లీషు అనువాదం చేసింది 1919 ఫిబ్రవరిలో అక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు. ఆ కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరపరచడంలో పాలుపంచుకున్నారు. ఆ గీతాన్ని జాతీయ గీతంగా రాజ్యాంగ సభ స్వీకరించినది 1950 జనవరి 24న. రాజ్యాంగ ప్రతుల మీద సభ్యులు సంతకాలు చేసిందీ, రాజేంద్ర ప్రసాదును తొలి రాష్ట్రపతిగా ఎన్నుకున్నదీ ఆ రోజే. 2027లో జనవరి 24 ఆదివారం పడుతోంది. శనివారం హార్స్‌లీ కొండల మీద గడిపి ఆదివారం ఉదయం మదనపల్లెలో దిగి, ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు పిల్లలకు చెబుతూ సాయంత్రానికి తిరిగి వస్తే సోమవారం లీవు కూడా పెట్టనక్కరలేదు. లోపలికి వెళ్లి చూడాలంటే కళాశాల వారి అనుమతి కావాలి కాబట్టి ముందుగా అడిగి ఉంచుకోవాలి.

తిరుమల సంగతి ఒక్క మాటలో: వరుస సెలవుల్లో సర్వదర్శనం క్యూలో చిన్నపిల్లలతో నిలబడడం కష్టం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు నెలల ముందే చేతిలో ఉంటేనే వెళ్లండి.

ఢిల్లీ దాకా వెళ్లి చూడాలనుకునేవారికి

పరేడ్‌ను కర్తవ్యపథ్‌లో కళ్లారా చూడాలన్న కోరిక జీవితంలో ఒక్కసారి తీర్చుకోదగినదే. కానీ ఒక్క లీవుతో కుదిరే పని కాదు. రైల్లో పోతే రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు కూడా ఒకటిన్నర రోజు పడుతుంది. విమానంలో మూడు గంటల లోపే గాని, ఆ వారంలో ఢిల్లీలో ఉదయం పొగమంచు, పరేడ్ సన్నాహాల వేళల్లో విమానాల నిలుపుదల, రెండూ కలిసి ప్రయాణ వేళలను తారుమారు చేస్తాయి. పరేడ్ టికెట్లు జనవరిలో గాని అమ్మరు. 2025లో జనవరి 2 నుంచి 11 వరకు 20, 100 రూపాయలకు అమ్మారు. విమానం టికెట్టు మాత్రం అంతకు చాలా ముందే కొనాలి. పరేడ్ టికెట్టు దొరుకుతుందో లేదో తెలియకుండానే వేలకు వేలు ఖర్చుపెట్టే సాహసం ఇది.

వెళ్లదలచుకుంటే తొమ్మిది రోజుల పద్ధతిలోనే వెళ్లండి. ఇరవయ్యారు పరేడ్ దొరక్కపోయినా, 29 శుక్రవారం విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్, అంటే సైనిక బ్యాండ్ల ముగింపు వేడుక, ఉంది. ఇరవయ్యారు నుంచి నెలాఖరు దాకా ఎర్రకోట దగ్గర జరిగే భారత్ పర్వ్‌లో రాష్ట్రాల శకటాలను తీరిగ్గా దగ్గరగా చూడవచ్చు. నడివయసు దాటిన తల్లిదండ్రులను, ఐదేళ్ల లోపు పిల్లలను మాత్రం ఆ చలిలో తెల్లవారుజామున భద్రతా తనిఖీల వరసల్లో నిలబెట్టకండి. వాళ్లు టీవీలో చూస్తేనే సుఖం.

నగరంలోనే ఉండిపోతే

బెంగళూరులోనే ఉండిపోవడాన్ని ఏ దారీ లేనివాళ్లు చేసే పనిగా చూస్తారు. నేను అలా అనుకోవడం లేదు. ఈ సెలవుకు ఈ నగరం ఇచ్చినంత మరే ఊరూ ఇవ్వదేమో అనిపిస్తుంది.

ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా పరేడ్ మైదానంలో గవర్నరు జెండా ఆవిష్కరించి వందనం స్వీకరిస్తారు. ఢిల్లీ హంగు లేకపోయినా కవాతును, బడిపిల్లల నృత్యాలను దగ్గరగా కూర్చుని చూడవచ్చు. ఎంజీ రోడ్డు లేదా కబ్బన్ పార్కు స్టేషన్లో మెట్రో దిగి నడవడం ఉత్తమం, కారు వేసుకుపోతే నిలిపే చోటు దొరకదు. ప్రవేశ నియమాలను వారం ముందు పత్రికల్లో ప్రకటిస్తారు. సంచులు, నీళ్ల సీసాలు లోపలికి రానివ్వరు గనుక పిల్లలకు ఇంట్లోనే టిఫిను పెట్టి తీసుకురండి.

లాల్‌బాగ్ గాజుటింట్లో గణతంత్ర దినోత్సవ పుష్ప ప్రదర్శన ఏటా పది రోజులకు పైగా సాగుతుంది. దాని గురించి నా సలహా ఒక్కటే, ఇరవయ్యారు నాడు వెళ్లకండి. ఆ రోజు గాజుటిల్లు చుట్టూ ఉండే జనంలో పూల కంటే తలలే ఎక్కువ కనిపిస్తాయి. లీవు పెట్టిన సోమవారం ఉదయం తోట తెరిచే వేళకు లాల్‌బాగ్ మెట్రో స్టేషన్లో దిగితే, పూలమీద నీళ్లు చల్లిన తడి ఆరకముందే అన్నీ చూసి పది గంటలకల్లా బయటపడవచ్చు. సోమవారం లీవుకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనిపించదు.

ఆ రోజు పనిచేయక తప్పనివారు

1963 నాటి కర్ణాటక పారిశ్రామిక సంస్థల జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం జనవరి 26 వేతనంతో కూడిన సెలవు దినం. ఆ చట్టం వర్తించే సంస్థ ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు వేతనం గాని, వేతనంతో పాటు మరొక రోజు ప్రత్యామ్నాయ సెలవు గాని ఇవ్వాలి. కాంప్ ఆఫ్ అంటే మేనేజరు చేసే ఉపకారమని అనుకునే కొత్త ఉద్యోగులు ఎందరో ఉన్నారు, వాళ్లకు ఇది తెలియాలి. ఎంచుకునే వీలుంటే, డబ్బు అవసరం గట్టిగా లేనివారు ప్రత్యామ్నాయ సెలవునే తీసుకుని, దాన్ని 29 శుక్రవారం పెట్టుకుంటే మూడు రోజులు కలిసివస్తాయి, అప్పటికి రైళ్లు, గదులు ఖాళీగా దొరుకుతాయి. ఆస్ట్రేలియా క్లయింటుతో పనిచేసే బృందాలకు ఇరవయ్యారు ఇరుపక్కలా సెలవే, అది వారి జాతీయ దినం కూడా. అమెరికా వారికి ఆ రోజు సెలవు కాదు కాబట్టి ఆ బృందాల్లో ఎవరు సెలవులో ఉంటారో, ఎవరు ఫోనుకు అందుబాటులో ఉంటారో డిసెంబరులోనే పంచుకోవడం మంచిది. సంక్రాంతికి మనకోసం పని చూసిన కన్నడ సహోద్యోగికి ఈసారి సోమవారం సెలవు మొదట వదిలిపెట్టడం మర్యాద.

పెద్దవాళ్లను ఇక్కడికి పిలిపించుకోవడం

ఇది చాలామందికి తట్టని మార్గం. మేము మూడేళ్లుగా పాటిస్తున్నాం. సంక్రాంతికి మేము ఊరు వెళ్తాం, ఇరవయ్యారుకు అమ్మానాన్న బెంగళూరు వస్తారు. సెలవుల రద్దీ ఎప్పుడూ శుక్రవారం సాయంత్రం నగరం నుంచి బయటికి, చివరి రోజు నగరంలోకి సాగుతుంది. వాళ్లు దానికి ఎదురు దిశలో ప్రయాణిస్తారు కాబట్టి టికెట్టు దొరకడం తేలిక, చార్జీ తక్కువ. మాకు సోమవారం ఒక్క లీవు చాలు. నలుగురం ప్రయాణం చేసే చోట ఇద్దరే చేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారైతే కింది బెర్తు దొరికితేనే పిలవాలి, రాత్రి ప్రయాణం కష్టమనుకుంటే ఈ ఆలోచన వద్దు.

నాన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. బడిలో జెండా కట్టే పని ఏటా ఆయనదే. మొదటి ఏడాది మా అపార్టుమెంటులో సెక్యూరిటీ కుర్రాడు జెండా కడుతుంటే చూస్తూ నిలబడలేక ముందుకు వచ్చారు. పంద్రాగస్టుకు జెండాను కింది నుంచి పైకి లాగి ఎగరేస్తారని, ఇరవయ్యారుకు ముందే కర్ర చివరన కట్టి ఉంచి విప్పుతారని ఆ కుర్రాడికి చెప్పారు. జెండాను బల్ల మీద పరిచి కాషాయం పైకి వచ్చేలా చూసుకున్నారు. పొడవునా మడిచి, మడత లోపల గుప్పెడు బంతిపూల రేకులు, గులాబీ రేకులు పోశారు. చాపలా చుట్టి, తాడును రెండు చుట్లు తిప్పి, కొసను ఉచ్చులా దోపి వదిలారు. ముడి వేయలేదు. గట్టిగా ముడి వేస్తే పెద్దవాళ్లు ఎంత గుంజినా విప్పుకోదని, ఉచ్చు వేస్తే ఒక్క గుంజుకు రావాలని చెబుతూ మా అబ్బాయి చేత రెండుసార్లు వేయించారు. జెండా మడతలో పూలు పోయడానికి పతాక నియమావళి కూడా అభ్యంతరం చెప్పదు. ఆ ఉదయం ఎనిమిదిన్నరకు మా బ్లాకులో అందరికంటే పెద్దావిడ తాడు లాగగానే జెండా విప్పుకుని రేకులు పిల్లల తలల మీద రాలాయి. తరువాత రాజ్యాంగ పీఠికను కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, మలయాళాల్లో ఐదుగురు పిల్లలు చదివారు. తెలుగు పాఠం చదివింది మా అబ్బాయే. కింద పడిన కాగితపు జెండాలను ఏరి సంచిలో వేయించే పని అమ్మ చూసుకుంది.

2027కు కూడా ఇదే ఏర్పాటు. వాళ్ల రాక 22 శుక్రవారం రాత్రి రైలుకు, దానికి నవంబరు 23న టికెట్టు తీయాలి. తిరుగు ప్రయాణం ఇరవయ్యారు నాడు పెట్టడం లేదు, విశ్రాంత ఉద్యోగులకు బుధవారమైనా ఒకటే గనుక 27కు తీస్తున్నాను. ఆ రిజర్వేషను నవంబరు 28 ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఆ తేదీలను ఫోనులో అలారం పెట్టుకున్నాను. లాల్‌బాగ్ సోమవారం ఉదయం. సోమవారం రాత్రి పూల మార్కెట్టు నుంచి కిలో బంతిపూలు తేవాలని నాన్న ఇప్పటికే చెప్పి ఉంచారు.